మైనం ఆరేదాకా

మా ఇంటికి నాలుగు వీధుల అవతల, టైర్ల దుకాణం వెనకవైపు, ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు, ఎప్పుడూ లేదు. అద్దాలక్క షెడ్డు ఎక్కడని అడిగితే మాత్రం ఆ చుట్టుపక్కల ఎవరైనా చెయ్యెత్తి చూపిస్తారు. ఆమె అద్దాలు అమ్మదు. కార్లకు మైనం పూసి, ఆరనిచ్చి, తుడుస్తుంది. ఆమె చేతుల్లోంచి వచ్చిన కారు డోరులో చూసుకుని తల దువ్వుకోవచ్చని ఎవరో ఒకసారి అన్నారట. ఆ మాటే పేరై కూర్చుంది.

నా దగ్గరున్నది పాత కారు. కొత్తది కొనే ఉద్దేశం లేదు కాబట్టి, ఉన్నదాన్నే కాపాడుకుందామని ఏడాదికి రెండుసార్లు అక్కడికి తీసుకెళ్తుంటాను. మొదటిసారి వెళ్లిన రోజు ముసురు పట్టి ఉంది. నాకేమో తొందర.

"ఎంతసేపు పడుతుందమ్మా?" అన్నాను.

"నన్నడిగితే ఏం లాభమండీ? ఆయన్నడగండి," అంటూ స్పాంజి పట్టుకున్న చేత్తోనే ఆకాశాన్ని చూపించింది.

ఆ రోజు నాలుగు గంటలు కూర్చున్నాను. ఆమెకు నలభై ఏళ్లుంటాయి. పొట్టి మనిషి, గట్టి చేతులు. పని చేస్తున్నంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది, వినేవాళ్లు లేకపోతే కారుతోనైనా. బానెట్‌కు ఎడమవైపు సగం పూత పూసి, అక్కడ ఆగి, కుడివైపు ఎవరో ఉన్నట్టు ఒక్క క్షణం చూసి, ఆ తర్వాతే అటు తిరిగి వెళ్లింది. డోర్ల దగ్గరా అంతే, డిక్కీ దగ్గరా అంతే. అలవాటేమో అనుకున్నాను. అలవాటే. అయితే దాని వెనక ఏముందో తెలియడానికి నా కారుకు మరో నాలుగైదు పూతలు పట్టాయి. ఆమె చెప్పిందీ, ఆమె చెప్పకుండా దాటేస్తే టైర్ల దుకాణం బాబాయి అందుకుని చెప్పిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఆమె అమ్మానాన్న ఆమె చిన్నప్పుడే పోయారు. అన్నయ్య ఆమె కంటే ఏడేళ్లు పెద్ద. పెట్రోలు బంకులో కార్లు కడిగి చెల్లెల్ని పెంచాడు. కడిగి కడిగి, ఒట్టి నీళ్లతో పోయే మురికి మరుసటి రోజుకే తిరిగొస్తుందని విసుగెత్తి, మైనం పని నేర్చుకున్నాడు. టైర్ల బాబాయిని బతిమాలి వెనక ఖాళీగా ఉన్న షెడ్డు తీసుకున్నాడు. చెల్లెలికి పదిహేడేళ్లు వచ్చేసరికి ఆమె కూడా స్పాంజి పట్టింది. ఎడమవైపు ఆమెది, కుడివైపు అన్నయ్యది. ఇద్దరూ బానెట్ మధ్యలో కలుసుకునేవారు.

మాట తగ్గదని అన్నయ్య ఆమెను పిచ్చుకా అని పిలిచేవాడు.

"ఏమే పిచ్చుకా, ముందు కారుని పలకరించు," అనేవాడు ఎండాకాలంలో. పలకరించడమంటే అరచేతి వెనకవైపు రేకుకు ఆనించడం. "చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించిందా? అయితే ఇవాళ దానికి మనమంటే ఇష్టం లేదు. నీడలోకి తోసి, చల్లబడేదాకా కూర్చో."

చలికాలంలో గొడవ వేరు. డబ్బాలో మైనం రాయిలా గట్టిపడి, స్పాంజికి అంటుకునేది కాదు. అన్నయ్య ఆ డబ్బాను స్వెటర్ లోపల పొట్టకు హత్తుకుని అరగంట కదలకుండా కూర్చునేవాడు. చెల్లెలు చుట్టూ తిరుగుతూ, "అన్నయ్యా, పిల్ల ఎప్పుడు బయటికొస్తుంది?" అని అడిగేది. నవ్వితే డబ్బా జారిపోతుందని అతను మూతి బిగబట్టుకునేవాడు.

వానాకాలమే ఆమెకు అన్నిటికంటే ఇష్టం. గాలిలో చెమ్మ ఉంటే పూసిన మైనం ఓ పట్టాన ఆరదు. ఆరితే దాని మీద తెల్లటి మసక వస్తుంది. వేలితో చిన్న గీత గీస్తే కింద రంగు తళుక్కున కనిపించాలి. గీత అలుక్కుపోయిందంటే ఇంకా ఆరలేదన్నమాట. ఆరకముందే తుడిస్తే జిడ్డు చారలు మిగులుతాయి. అందుకే ముసురు రోజుల్లో ఒక్కో రేకే పలచగా పూసి, వేచి చూసి, తుడిచి, అప్పుడు పక్కదానికి వెళ్లాలి. ఆ ఖాళీలో ఇద్దరూ బోర్లించిన బకెట్ల మీద కూర్చుని టీ తాగేవారు. అన్నయ్య ఆ మైనం పుట్టుక గురించి చెప్పేవాడు. కార్నౌబా అని దాని పేరట. ఎక్కడో వానలు సరిగా పడని చోట తాటిజాతి చెట్టొకటి, ఎండకు తన ఆకు ఎండిపోకుండా తానే మైనం పూసుకుంటుందట. ఆ ఆకులు కోసి, ఆరబెట్టి, దులిపితే రాలేది ఇదేనట.

"మరి ఆ చెట్టుకి ఎవరు తుడుస్తారు?" అని అడిగిందట ఆమె.

"దానికి నీలాంటి చెల్లెలుంటే ఈపాటికి చచ్చి ఊరుకునేది," అన్నాడట అతను.

అలా ఏడేళ్లు గడిచాయి. ఆమె ఇప్పటికీ వాటిని ఏడేళ్లని అనదు. "ఏడు వానాకాలాలు" అంటుంది.

ఇక ఆ రోజు. నడి వేసవి. మైనం డబ్బాలు తేవడానికి అన్నయ్య పొద్దున్నే పక్క ఊరికి వెళ్లాడు. షెడ్డులో ఒక కారు చక్రాలు ఊడదీసి దిమ్మల మీద ఉంది, కదిలించడానికి లేదు. అప్పుడొచ్చాడు ఓ పెద్దమనిషి, పొడుగాటి నల్ల కారేసుకుని. సాయంత్రం విమానాశ్రయానికి వెళ్లి అతిథుల్ని తీసుకురావాలట, మూడింటికల్లా కారు మెరవాలట. నీడ లేదు, రేపు రమ్మని చెప్పాల్సింది. ఆమెకు ఇరవై నాలుగేళ్లు. అన్నయ్య లేకుండా ఒక్కతే కారు మొత్తం చేసి చూపించాలన్న ఉబలాటం. మిట్టమధ్యాహ్నం ఆరుబయట, నల్ల కారు మీద, రేకు రేకుగా కూడా కాకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కసారే మైనం పూసేసింది.

వెనక్కి తిరిగి చూసేసరికి మొదట పూసినదంతా సున్నంలా బిగుసుకుపోయింది. గుడ్డ వేసి రుద్దితే రాదు. ఇంకా గట్టిగా రుద్దితే మరకలు మరకలుగా తేలింది. మూడింటికి పెద్దమనిషి వచ్చి చూశాడు.

"ఇది నా కారా, పిండి బస్తానా?" అని అరిచాడు.

ఆ అరుపుకు టైర్ల దుకాణంలోని వాళ్లంతా బయటికొచ్చారు. సరిగ్గా అప్పుడే అన్నయ్య కూడా డబ్బాల అట్టపెట్టెతో వచ్చాడు. కారును చూశాడు, చెల్లెల్ని చూశాడు. నలుగురి సాయంతో కారును దుకాణం గోడ నీడలోకి తోయించాడు. తడి తువ్వాళ్లు పరిచి రేకు చల్లబరిచాడు. తర్వాత, బిగుసుకున్న మైనం మీదే మళ్లీ కొత్త మైనం పలచగా పూసి, అది ఆరకముందే తుడిచాడు. కొత్తది తగలగానే కిందిది మెత్తబడి గుడ్డలోకి వచ్చేసింది. జానెడు జానెడు చొప్పున మొత్తం కారు అలాగే చేశాడు. రెండు గంటలు పట్టింది. పెద్దమనిషి మళ్లీ నోరెత్తకుండా వెళ్లిపోయాడు.

గొడవ అక్కడితో అయిపోవాల్సింది. అన్నయ్య చేతులు తుడుచుకుంటూ, అందరూ ఇంకా అక్కడే ఉండగా, "నీకు చెప్పడం, గోడకి చెప్పడం ఒకటే. నీ చేతికి పని అప్పజెప్పడం నాదే బుద్ధితక్కువ," అన్నాడు.

ఆమె ముఖం కందగడ్డలా అయింది. తప్పు చేశానని తెలుసు. క్షమించమని అడగడానికి మధ్యాహ్నం నుంచీ మాటలు కూడబెట్టుకుంటోంది. అవన్నీ ఎటు పోయాయో, నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"అంత బుద్ధితక్కువగా ఎందుకుండాలి? నువ్వు లేకపోయినా ఈ షెడ్డు నడుస్తుంది."

అన్నయ్య గుడ్డ మడిచి అరలో పెట్టాడు. "సరే. నడుపు," అన్నాడు.

రేవు పట్నంలో ఎవరో స్నేహితుడు అతన్ని ఎప్పటినుంచో పనికి పిలుస్తున్నాడు. నాలుగు రోజుల తర్వాత అన్నయ్య సంచీ సర్దుకున్నాడు. ఆ నాలుగు రోజులూ ఒకే ఇంట్లో ఉండి ఇద్దరూ మాట్లాడుకోలేదు. వెళ్లే రోజు పొద్దున ఆమె కావాలనే త్వరగా షెడ్డుకు వచ్చి, షట్టర్ మోకాలెత్తు వదిలి దించేసి, లోపల పని చేస్తున్నట్టు నిలబడింది. కాసేపటికి షట్టర్ కింద అన్నయ్య చెప్పులు కనిపించాయి. పక్కన సంచీ అడుగుభాగం. ఆమె స్పాంజి పట్టుకుని ఊపిరి బిగబట్టింది. ఆ చెప్పులు అలా చాలాసేపు ఉన్నాయి. తర్వాత లేవు.

"నెల తిరక్కుండా వచ్చేస్తాడనుకున్నానండీ," అంది ఆమె నాతో. "మా ఇద్దరిలో పంతం నాకే ఎక్కువనుకునేదాన్ని. అక్కడే దెబ్బతిన్నాను."

పదకొండేళ్లు రాలేదు.

షెడ్డు నడిచింది. ఆమె నడిపింది. ఆ తర్వాత ఎవరెంత తొందరపెట్టినా ఎండలో కారు ముట్టుకోలేదు. మధ్యలో పెళ్లి చేసుకుంది. భర్త బస్సు డ్రైవరు, నెమ్మదస్తుడు, నవ్వించే మనిషి. పెళ్లైన కొత్తలో, "నీ దగ్గర ఎక్కువసేపు కదలకుండా కూర్చోకూడదు, నాక్కూడా పూసేస్తావు," అనేవాడట. పెళ్లికి అన్నయ్య రాలేదు. పార్సిల్ ఒకటి వచ్చింది. విప్పితే పన్నెండు మెత్తటి గుడ్డలు, అంచులు చేత్తో కుట్టినవి. చీటీ ముక్క కూడా లేదు. ఆ గుడ్డల్ని ఆమె వాడలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

అన్నాచెల్లెళ్ల మధ్య ఈ పదకొండేళ్లూ మిగిలిన దారల్లా టైర్ల బాబాయి ఫోను. ఏటా వానలు మొదలయ్యే రోజుల్లో ఒకసారి, చలి ముదిరినప్పుడు ఒకసారి దుకాణానికి ఫోను వచ్చేది.

"బాబాయ్, అక్కడ వానలు పడ్డాయా?"

బాబాయి రిసీవరు పక్కకు పెట్టి వెనక్కి కేకేసేవాడు. "అమ్మాయ్! మీ అన్నయ్య వానల సంగతి అడుగుతున్నాడు!"

"పడుతున్నాయని చెప్పు బాబాయ్! అక్కడ తేమ ఎలా ఉందో అడుగు!"

"ఒరేయ్, అక్కడ తేమ ఎలా ఉందిరా?"

"గోడలు కూడా ఆరట్లేదని చెప్పండి."

"గోడలు ఆరట్లేదటమ్మా!"

ఇలా పది నిమిషాలు. "రండి, మీ గోల మీరే పడండి, నేనేమన్నా వాతావరణ శాఖలో ఉద్యోగినా?" అని బాబాయి ఎన్నిసార్లు విసుక్కున్నా ఆమె ఫోను అందుకోలేదు, అతను ఇమ్మని అడగలేదు. చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాక కూడా అంతే. అలాగని ఆమె ఆ కాల్ కోసం ఎదురుచూడలేదనుకుంటే పొరపాటు. మొదటి చినుకు పడిన రోజు ఆమె షెడ్డు దాటి బయటికి వెళ్లేది కాదు. ఇంటి నుంచి భోజనం తెప్పించుకునేది. ఒక ఏడాది జ్వరంతో ఉండి కూడా గొడుగేసుకుని వచ్చి కూర్చుందని బాబాయి చెప్పాడు.

పన్నెండో ఏడు వానలు మొదలయ్యాయి. ఫోను రాలేదు. వారం చూసింది, పది రోజులు చూసింది. బాబాయే ఉండబట్టలేక ఆ నంబరుకు చేశాడు. పలకలేదు. మూడు వారాలకు ఆమెకు తిండి సహించడం మానేసింది. పూసిన మైనం ఆరిపోయి గంట గడిచినా గుర్తురాక అలా చూస్తూ నిలబడేది.

"నువ్వు ఆకాశాన్నీ ఫోన్నీ మార్చి మార్చి చూడ్డం నేను చూడలేకపోతున్నాను," అన్నాడు భర్త. "వెళ్లిరా. పంతానికి పదకొండేళ్లు సర్వీసు అయింది, ఇక రిటైరు చెయ్యొచ్చు."

ఒక పగలూ ఒక రాత్రీ బస్సులో ప్రయాణించి ఆమె రేవు పట్నం చేరింది. దిగగానే చెంపల మీద ఉప్పు గాలి. ఇక్కడ మైనం చస్తే ఆరదు అనుకుందట మొదట. రేవు పక్కన కంచె వేసిన మైదానంలో, ఓడల నుంచి దించిన కొత్త కార్లు వరసలు వరసలుగా, కంటికి ఆననంత దూరం ఉన్నాయి. సముద్రపు ఉప్పు తినెయ్యకుండా వాటికి బయల్దేరే చోటే మందపాటి మైనం పట్టించి పంపుతారు. ఇక్కడ దాన్ని ఊడబీకాలి. బాబాయి ఫోనులో విని చెప్పినదాన్ని బట్టి అన్నయ్య చేస్తున్న పని అది. చెల్లెలు అక్కడ పూస్తుంటే అన్నయ్య ఇక్కడ తీస్తున్నాడు, అదీ పదకొండేళ్లుగా.

గేటు దగ్గర కాపలాదారుకు ఆమె అన్నయ్య పేరూ పోలికలూ అన్నీ చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"మైనం తీసే ఆయనండీ," అంది చివరికి.

"మైనం తీసేవాళ్లు మాకెంతమందో. పొడుగ్గా, ఎప్పుడూ మాట్లాడకుండా ఉంటాడా? అయితే మైనం కాదు, మౌనం. మౌనం మామ. అటు నీళ్ల షెడ్డులో ఉంటాడు, వెళ్లండి."

నీళ్ల షెడ్డులో ఒక మనిషి పైపుతో కారు చక్రాలు కడుగుతున్నాడు. జుట్టు సగం నెరిసింది. ఆమెను చూసి పైపు కట్టేయడం మర్చిపోయాడు. నీళ్లు ఇద్దరి కాళ్ల మీదుగా పోతున్నాయి.

"ఫోనెందుకు చెయ్యలేదు?" అంది ఆమె. పదకొండేళ్ల తర్వాత అన్న మొదటి మాట అది, అదీ తిడుతున్నట్టు.

"చలికాలం చివర్లో ఫోను మైనం కరిగించే తొట్టెలో పడిపోయింది. నంబర్లన్నీ దాంట్లోనే పోయాయి. ఒక్కటీ నోటికి రాదు."

"ఉత్తరం రాయొచ్చుగా?"

అతను కొంచెం ఆలోచించాడు. "ఉత్తరం రాసి వానలు పడ్డాయా అని అడిగితే ఏం బాగుంటుంది?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. అన్నయ్య ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు చూసింది ఆమె ఆ చేతుల్ని. మైనం కరిగించే ఆ ద్రావకం వాటిని తినేసింది. చర్మం పొలుసులు పొలుసులుగా లేచి, వేళ్ల చివరలు నున్నగా, తెల్లగా, చచ్చుబడి ఉన్నాయి. వేడీ చల్లనా తెలియదట. అందుకే నాలుగు నెలల క్రితం అతన్ని ఆ పని నుంచి తీసి నీళ్ల దగ్గర పెట్టారు.

సాయంత్రం అతను ఆమెను ఇంటికి తీసుకెళ్లాడు. మేడమీద రెండు గదులు. ముందు గదినిండా కుట్టు మిషను, కార్ల సీట్లకు వేసే కవర్ల గుట్ట. మిషను ముందు నుంచి ఒకామె లేచి నిలబడింది. వెనకాల ఆరేళ్ల పిల్ల. తనకు వదిన ఉందని, మేనకోడలు ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. వాళ్లకు మాత్రం ఆమె ఎవరో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"నువ్వేనా పిచ్చుకత్తవి?" అంది పిల్ల.

"చలికాలం డబ్బా పొట్టకి పెట్టుకుని కూర్చున్న కథ దీనికి వారానికోసారైనా చెప్పాలి, లేకపోతే నిద్రపోదు," అంది వదిన. "మిమ్మల్ని చూడకపోయినా మీ గొంతు నాకు తెలుసు. మీ మాటలన్నీ ఈయన మీలాగే చెప్తారు."

గేటు దగ్గర మౌనం మామ అన్నారు. ఇంట్లో ఈ మనిషి ఇన్నేళ్లుగా చెల్లెలి మాటలే చెల్లెలి గొంతుతో చెప్తున్నాడు. ఆ గుడ్డల అంచులు కుట్టింది వదినే అని కూడా ఆ రాత్రే తెలిసింది. అప్పటికి వాళ్లకు పెళ్లి కాలేదట. ఎవరికో పెళ్లికానుక అని చెప్పి కుట్టించుకున్నాడట, ఎవరికో చెప్పలేదట.

మర్నాడు అతనికి సెలవు. ఇంటి యజమాని పాత నీలం కారు కింద వరండా ముందు నిలిపి ఉంది, ఉప్పుగాలికి రంగు మసకబారి. "దీనికి పూత వేద్దామా?" అన్నాడు అన్నయ్య. ఆమె ఆ మాట కోసమే చూస్తున్నట్టు లేచి బకెట్ తెచ్చింది. కడిగారు, తుడిచారు. ఆమె ఎడమవైపు మొదలుపెట్టింది. అతను కుడివైపు వెళ్లాడు. బానెట్ మధ్యలో రెండు స్పాంజులూ తగిలాయి. ఇద్దరూ తలెత్తలేదు.

సముద్రం మీద నుంచి చెమ్మగాలి. ఎంతసేపైనా మైనం మీద మసక రాదు. అతను వేలితో గీత గీశాడు, ఎంత గట్టిగా గీశాడో ఆ వేలికి తెలియలేదు.

"ఆరిందేమో చూడు," అన్నాడు.

ఆమె గీసి చూసింది. గీత అలుక్కుపోయింది. "ఇంకా లేదు."

కూర్చున్నారు. అతను ఉప్పుకి ఇక్కడ తలుపు గడియలు ఎలా తుప్పు పడతాయో చెప్పాడు. ఆమె బాబాయికి మోకాళ్ల నొప్పులని చెప్పింది. లేచి మళ్లీ గీసింది. ఇంకా లేదు. మళ్లీ కూర్చున్నారు.

"ఆ రోజు నోరు జారాను అన్నయ్యా," అంది ఆమె, కారు వైపే చూస్తూ. "నువ్వు లేకపోయినా నడుస్తుందన్నాను."

"నడిచిందిగా."

"నడిచింది. కుంటుకుంటూ."

అతను చేతిలోని గుడ్డ మడత విప్పి మళ్లీ మడిచాడు. "నలుగురిలో నిన్ను అనకూడదు. నాకు అప్పుడే తెలుసు. రెండు గంటలు కారు తుడుస్తున్నంతసేపూ అనకూడదు అనుకుంటూనే ఉన్నాను. అనేశాను."

"షట్టర్ కింద నీ చెప్పులు చూశాను."

"నేనూ నీ కాళ్లు చూశాను. లోపల పనేమీ లేదు నీకు. కదలకుండా నిలబడ్డావు."

"నువ్వొక్కసారి పిలుస్తావని."

"నువ్వు షట్టర్ ఎత్తుతావని."

మైనం ఆరేసరికి మధ్యాహ్నం దాటింది. తుడుస్తుంటే లోపలి నీలం మెల్లగా బయటికొచ్చింది. ఇంటాయన మేడ దిగి వచ్చి, ఇది నా కారేనా అని చుట్టూ తిరిగాడు. పిల్ల డోరులో ముఖం చూసుకుని నాలుక బయటపెట్టింది.

ఆమె అయిదు రోజులుంది. వచ్చేయమని అడిగింది. "చేతులు నావి వాడుకో, నోరు నీది చాలు," అంది. అన్నయ్య నవ్వాడు గానీ తల ఊపలేదు. వదిన కుట్టుపని ఇక్కడ. పిల్ల బడి ఇక్కడ. ఈ వయసులో, ఈ చేతులతో కొత్తగా ఎక్కడ మొదలుపెడతాడు? ఆమెకూ తెలుసు. తన షెడ్డు, తన ఇల్లు వదిలి తను రాగలదా? రాలేదు. అడిగినందుకు అతనికి సంతోషమైంది, రాలేనన్నందుకు ఆమె కోపగించుకోలేదు. అంతవరకే.

తిరిగొచ్చాక బెంగ తగ్గుతుందని అందరూ అనుకున్నారు. తగ్గలేదు. "ముందు కోపం ఉండేదండీ, దాన్ని చూసుకుంటూ రోజులు గడిపేసేదాన్ని," అంది నాతో, నా కారు వెనక డోరు తుడుస్తూ. "ఇప్పుడు అదీ లేదు. కుడివైపు ఖాళీ ఇంకా పెద్దదైంది. అక్కడ ఉండాల్సిన మనిషి ఎలా ఉన్నాడో, ఏం తింటున్నాడో, ఏ కిటికీ దగ్గర కూర్చుంటాడో అన్నీ తెలుసు. తెలియకపోవడమే నయమేమో అనిపిస్తుంది ఒక్కోసారి."

దీనికి దారి వెతికింది ఆమె భర్త. తన డిపోలో దూరపు రూటు ఒకటి ఉంది. వెళ్లే ఊరు రేవు పట్నం కాదు గానీ, దానికి సరిగ్గా సగం దూరంలో ఉంటుంది. ఎవరూ ఆ రూటు అడగరు, రోడ్డు గతుకులు. ఇతను అడిగి మరీ వేయించుకున్నాడు. పైవాళ్లు వింతగా చూశారట. "నడుం నొప్పి లేక బోరు కొడుతోంది సార్," అన్నాడట.

నెలకోసారి, రెండో ఆదివారానికి చేరేలా, ముందు రాత్రే ఆమె అతని బస్సులో ముందు సీట్లో కూర్చుని వెళ్తుంది. అటు నుంచి అన్నయ్య కుటుంబం ఇంకో బస్సులో వస్తుంది. ఆ నడిమి ఊరి బస్టాండులో రెండు బస్సులూ ఆగే సమయాలు కలిసేది నలభై నిమిషాలు. సిమెంటు బెంచీ ఒకటుంది, పంపు పక్కన. వదిన డబ్బాలో ఏదో వండి తెస్తుంది. పిల్ల తన నోటుబుక్కులు తెచ్చి అత్తకు చూపిస్తుంది. అన్నయ్య మొదటి అయిదు నిమిషాలు మౌనం మామలాగే ఉంటాడు. తర్వాత ఆపడం ఎవరి తరమూ కాదు. ఆమె అతని చేతులు ఒళ్లో పెట్టుకుని, వైద్యుడు రాసిన మందు వేలు వేలుకూ పట్టిస్తుంది. ఈమధ్య బొటనవేలికి కొద్దిగా వేడి తెలుస్తోందట. టీ గ్లాసు పట్టుకుని, "కాలింది!" అని అతను అరిస్తే బస్టాండులో అందరూ తిరిగి చూశారట. ఆ మాట నాకు చెబుతూ ఆమె తుడిచిన డోరునే మళ్లీ తుడిచింది.

నేనోసారి ఆ సంగతి మర్చిపోయి రెండో ఆదివారం కారు తీసుకుని వెళ్లాను. షెడ్డు మూసి ఉంది. టైర్ల బాబాయి ముందు కుర్చీలో మోకాలికి గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు.

"ఇవాళ ఉండదండీ," అన్నాడు. గోడ గడియారం వైపు చూశాడు. "ఇప్పుడే చేరి ఉంటారు. ఇంకా ముప్పయి అయిదు నిమిషాలుంది."

నాకేమీ తొందర లేదు. ఇంకో కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను. ఇద్దరం గడియారం వైపు చూస్తూ ఆ ముప్పయి అయిదు నిమిషాలూ గడిచేదాకా అక్కడే ఉన్నాం.